సాయం చేసినోని గంట ఎవరి లెక్కల పడాలె?

వరంగల్, హనుమకొండల్లో ఏ ఆఫీసు పెద్దను కదిలించినా ఈమధ్య ఒకటే ఫిర్యాదు. "ఇప్పటి పిల్లలు పక్క సీటోనికి చెయ్యి అందియ్యరు సార్. ఎవని పని వానిదే, ఎవని ఫోను వానిదే." బ్యాంకు మేనేజరు నోట ఇదే మాట, దవాఖానా సూపరింటెండెంటు నోట ఇదే మాట, మడికొండ ఐటీ పార్కులో టీమ్ లీడరు నోటా ఇదే. ఈ మాట అడుగున ఒక నమ్మకం ఉంది. సాయపడటం పుట్టుకతోనో పెంపకంతోనో వచ్చే గుణమని, అది లేనివాడికి గోడ మీద పోస్టరు అంటించో, ఆదివారం మోటివేషన్ క్లాసు పెట్టో నేర్పాలని. నాకు ఆ నమ్మకం మీద గురి లేదు.

ఆ "చెయ్యి అందియ్యని" పిల్లగాడే ఊళ్లో పెళ్లయితే అర్ధరాత్రి దాకా బంతిలో వడ్డిస్తాడు. చావైతే పాడె మోస్తాడు. బతుకమ్మ నాడు తంగేడు పువ్వు కోసం తెల్లారకముందే గుట్టల వెంట తిరుగుతాడు. సోమవారం కౌంటర్లో కూర్చున్నాక పక్క సీటు సిస్టమ్ ఆగిపోయి క్యూలో జనం అరుస్తున్నా తలెత్తడు. రెండు రోజుల్లో గుణం మారిపోదు కదా.

1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో 40 మంది మత విద్యార్థుల మీద చేసిన పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. ప్రసంగం చేయడానికి పక్క భవనానికి వెళ్లమని పంపి, దారిలో మూలుగుతూ కూలబడ్డట్టు ఒక మనిషిని కూర్చోబెట్టారు. ఇంకా తీరిక ఉందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక విధంగా సాయపడ్డారు. ఆలస్యమైంది, పరుగెత్తమని పంపినవాళ్లలో 10 శాతమే. వాళ్లలో సగం మంది మాట్లాడబోయేది దారిలో పడ్డవాణ్ణి ఆదుకున్న మనిషి కథ గురించే. ఆ కథ బుర్రలో ఉండటం పెద్ద తేడా చూపలేదు, తొందర చూపింది.

కాబట్టి నేను గుణాన్ని పక్కన పెట్టి రెండే అడుగుతాను. సాయానికి పెట్టిన గంట ఎవరి ఖాతాలో పడుతోంది? సాయం అడిగినవాడి పరువు ఏమవుతోంది? పని సంస్కృతి అని పెద్దపెద్ద మాటల్లో చెప్పేదంతా చివరికి ఈ రెండింటి దగ్గరే తేలుతుందని నా అభిప్రాయం.

సిరిసిల్ల షెడ్డులో ఒక లెక్క

సిరిసిల్ల మరమగ్గాల షెడ్డుల్లో కూలి నేసిన బట్ట లెక్కన వస్తుంది. ఒక్కో కార్మికుడు ఏకకాలంలో చాలా మగ్గాలు చూసుకుంటాడు. మగ్గం నిమిషానికి 120 పిక్కులు, అంటే అడ్డపోగులు, వేస్తుందనీ, బట్టలో అంగుళానికి 50 పిక్కులనీ అనుకుందాం. మీటరుకు దాదాపు 1,970 పిక్కులు, అంటే 16 నిమిషాల పైచిలుకు. పక్కవాడి మగ్గం మీద పడుగు పోగులు గుంపుగా తెగాయి, అతికించడానికి 10 నిమిషాలు పట్టింది. ఆ 10 నిమిషాలూ సాయానికి వెళ్లినవాడి మగ్గాల్లో ఒకటి కండె అయిపోయి ఆగి ఉందనుకుంటే అతనికి పోయేది 60 సెంటీమీటర్ల బట్ట. కూలిలో చూస్తే చాయ్ ఖర్చుకు మించదు.

మరి ఇంత చిన్న నష్టానికి వెనకాడటమెందుకు? నష్టం చిన్నదే, అది తిరిగొస్తుందన్న భరోసాయే లేదు. ఒకే వరసలో నెలల తరబడి పక్కపక్కన నిలబడేవాళ్ల మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోలు ఎవరూ చెప్పకుండానే నడుస్తుంది. ఈ రోజు నీ పోగు నేను కట్టిన, రేపు నా కండె నువ్వు మార్చు. మగ్గాల యజమాని అయిన ఆసామి వారానికోసారి మనుషుల్ని అటూ ఇటూ మారిస్తే, నైట్ షిఫ్టుకు ప్రతిసారీ కొత్త ముఖం వస్తే, బాకీ తీరే రోజు రాదు. బ్యాంకుల్లో, ప్రభుత్వాఫీసుల్లో తరచూ సీట్లు మార్చేవాళ్లు దీన్ని గమనించరు. అవినీతి పేరుకోకుండా మార్చడం అవసరమే కావచ్చు, కానీ దాని ఖరీదు ఇది.

రెండో అడ్డు పుచ్చుకునేవాడి వైపు నుంచి. బట్టలో లోపం వస్తే డ్యామేజీ కటింగ్, అంటే కూలిలో కోత, పడేది ఆ మగ్గం ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే. సాయానికొచ్చినవాడు తొందరలో పోగు తప్పు కన్నులోంచి లాగితే గీత ఎన్ని మీటర్లు పోతుందో చూసుకునేదాకా తెలియదు. అందుకే చాలామంది "వద్దు తమ్మీ, నేనే చూసుకుంట" అంటారు. బయటినుంచి చూసేవాడికి అది అహంకారంలా కనిపిస్తుంది. ఆఫీసులో దీనికి సరిసమానమైనది లాగిన్ పాస్‌వర్డ్. నా లాగిన్‌తో నువ్వు పని చేసి పెడితే ఆడిట్‌లో సంజాయిషీ నాది. సాయం చేయగల అధికారం పక్కవాడికి లేకుండా చేసి, తర్వాత సాయం చేయలేదని వాణ్ణి తిట్టడం అన్యాయం.

వాటా ఎంత దూరం పోతుంది

కూలి కలిపి పంచుకుంటే సరిపోతుంది కదా అనొచ్చు. ఏనుమాముల మార్కెట్లో ముఠాగా దిగి, బస్తాల లెక్కన వచ్చిన కూలిని పంచుకునే హమాలీలను చూస్తే నిజమే అనిపిస్తుంది. మిర్చి సీజన్లో ఒకరి నడుం పట్టేస్తే ఆ బస్తా ఇంకొకరి వీపు మీదికి మాట లేకుండా మారుతుంది. ఎందుకంటే బస్తా కాంటా దగ్గరికి చేరకపోతే అందరి కూలీ ఆగుతుంది. పని దొంగను పట్టుకోవడానికి సూపర్‌వైజరు అక్కర్లేదు, పక్కవాడి చూపు చాలు.

అదే సూత్రాన్ని పెద్దది చేస్తే పలచబడుతుంది. సింగరేణి ఏటా లాభాల్లో కార్మికులకు వాటా ఇస్తుంది. 2023-24 సంవత్సరానికి ప్రకటించింది 33 శాతం, మొత్తం 796 కోట్ల రూపాయలు. 40 వేలకు పైగా ఉన్న కార్మికులకు సగటున లక్షా 90 వేలు. కుటుంబాలకు అది పెద్ద డబ్బే, గోదావరిఖనిలో, మందమర్రిలో దసరా బజారు దాని మీదే నడుస్తుంది. కానీ బొగ్గు బాయిలో పక్కవాడి బొగ్గు టబ్బు పట్టాలు తప్పితే చెయ్యేసేది ఆ వాటా గుర్తొచ్చి కాదు. 40 వేల మందిలో ఒకడి అరగంట శ్రమ తన వాటాలో పైసా కూడా కదిలించదని ఎవరికైనా తెలుసు. అక్కడ చెయ్యేసేది పైకప్పు ఇద్దరి నెత్తి మీదా ఒకటే కాబట్టి. అదే ప్రకటనలో కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా 5,000 రూపాయలు ఇచ్చారు. ఇవ్వకపోవడం కంటే మేలే. కానీ ఒకే గేటులోంచి వెళ్లే ఇద్దరిలో ఒకరికి లక్షా 90 వేలు, ఇంకొకరికి 5 వేలు వచ్చే చోట ఆ ఇద్దరి మధ్య జరిగే సాయాన్ని సాయమనాలా, చాకిరీ అనాలా అన్నది నాకు తేలని సంగతి.

దీనికి ఎదురు చివర ఐటీ కంపెనీల ర్యాంకింగ్ పద్ధతి. టీమ్‌లో ఎంత బాగా చేసినా కొంతమందిని తప్పనిసరిగా అడుగు ర్యాంకులో పడేయాలి. మైక్రోసాఫ్ట్ ఏళ్ల తరబడి నడిపి 2013లో ఎత్తేసింది. పక్కవాడికి కోడ్‌లో తప్పు చూపించడమంటే నా ర్యాంకు నేనే దించుకోవడమైన చోట "టీమ్ స్పిరిట్" కప్పులు పంచితే ఎవరికి నవ్వు రాదు?

అడిగినవాడి పరువు

పనిచోట సాయం ఎక్కువగా అడిగితేనే మొదలవుతుంది. పక్కవాడు ఇబ్బందిలో ఉన్నాడని వాడి స్క్రీన్‌లోకి తొంగి చూసేవాడెవడూ ఉండడు. కాబట్టి అడగడం ఎంత ఖరీదో చూడాలి. కొత్తగా చేరిన అమ్మాయి మొదటి వారంలో సందేహం అడిగినప్పుడు "గింత కూడ రాదా? ఎవలు ఇచ్చిండ్రమ్మా నీకు ఉద్యోగం?" అని ఒక సీనియరు నలుగురి ముందు అన్నాడనుకోండి. నవ్వులాటకే అన్నాడు, మనసులో ఏమీ లేదు. కానీ ఆ గదిలో ఇంకో ముగ్గురు కొత్తవాళ్లు విన్నారు. ఇక తెలియని పనిని తెలిసినట్టు చేస్తారు, తప్పు మాత్రం మార్చి నెలాఖరుకో ఆడిట్‌కో బయటపడుతుంది.

అమెరికా ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్సన్ చేసిన అధ్యయనం 1996లో వచ్చింది. మంచి నాయకత్వం, కలుపుగోలుతనం ఉన్న నర్సింగ్ బృందాల్లో పొరపాట్లు తక్కువ నమోదవుతాయని అనుకుంటే ఎక్కువ నమోదయ్యాయి. ఆమె ఇచ్చిన వివరణ ఏమిటంటే, అక్కడ చెప్పుకోగలుగుతున్నారు, మిగతా చోట్ల దాస్తున్నారు. మన వార్డులో "ఒక్క పొరపాటు కూడా లేదు" అని నెల నెలా రాసుకునే రిజిస్టరు చూసి మురిసిపోయే పెద్దలకు ఇది చేదుగా ఉంటుంది.

ఒక ఆఫీసులో అడగడం ఎంత ఖరీదో తెలుసుకోవడానికి సర్వేలు అక్కర్లేదు. అఫీషియల్ వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంటుంది, అందులో సార్ ఉంటాడు, పొద్దున "గుడ్ మార్నింగ్ సార్"లు, సర్క్యులర్లు, చేతులు జోడించిన బొమ్మలు. సార్ లేని రెండో గ్రూపు ఇంకోటి ఉంటుంది. "ఈ ఫైలుకు ఏ ఫారం పెట్టాలె?", "డేటాల పేరు తప్పు పడ్డది, ఎట్ల మార్చాలె?" అన్న అసలు ప్రశ్నలన్నీ రెండో దాంట్లోనే. రెండో గ్రూపు ఉండటం తప్పేమీ కాదు, ఉంటుంది. అయితే మొదటి గ్రూపులో నెలలో ఒక్క పని సందేహమూ పడకపోతే లోపం సిబ్బందిలో వెతకొద్దు. ఇంకో చిక్కు, ఆ రెండో గ్రూపులో ఎవరు లేరు అన్నది. ఒకే బ్యాచ్ వాళ్లు, ఒకే ఊరివాళ్లు, ఒక్కోసారి ఒకే కులంవాళ్లు అందులో ఉండి, బయటి జిల్లా నుంచి వచ్చినవాడు లేకపోతే, అక్కడ జరిగేది సాయమే గానీ అందరికీ అందేది కాదు.

చెయ్యకూడని సాయం

సాయం ఎప్పుడూ మంచిదే అన్న మాట కరెంటు స్తంభం కింద నిలబడదు. 11 కేవీ ఫీడర్ మీద, అంటే సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే కరెంటు లైన్ మీద, పని చేయాలంటే లైన్‌మన్ సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవాలి. ఆపరేటర్ బ్రేకర్ ట్రిప్ చేసి సప్లై ఆపి, లైన్‌ను విడదీసి, ఎవరికి, ఏ ఫీడర్‌కు, ఎన్ని గంటలకు ఇచ్చాడో పుస్తకంలో రాస్తాడు. లైన్‌మన్ అక్కడ లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, సప్లై లేదని పరీక్షించి, పని చేసే చోటికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేసి అప్పుడు స్తంభమెక్కాలి. దిగాక రాడ్లు తీసి, తీసుకున్న మనిషే ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి.

ఇందులో ప్రాణాలు పోయే చోట్లన్నీ దాదాపు మంచితనం నుంచే మొదలవుతాయి. "అన్నా, ఐదు నిమిషాల పనే, ఫోన్ల చెప్తున్న, బంద్ చెయ్యి" అంటే తెలిసినవాడే కదా అని పుస్తకంలో రాయకుండా ఆపుతాడు. షిఫ్టు మారుతుంది, వచ్చిన ఆపరేటర్‌కు ఆ సంగతి ఏ కాగితమూ చెప్పదు. లేదా ఒకే ఫీడర్ మీద రెండు గ్యాంగులు పని చేస్తుంటాయి, ఒక గ్యాంగు పని అయిపోయి ఫోన్ చేయగానే లైన్ ఛార్జ్ అవుతుంది. ఎవరింట్లోనో జనరేటర్ వెనక్కి సప్లై పంపుతుంది, రాడ్లు వేసి ఉంటే బతుకుతాడు, "ఐదు నిమిషాల పనికి రాడ్లెందుకు" అనుకుంటే లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే లైన్‌మన్‌ను శ్రమపెట్టడమెందుకని రైతే వేసుకోబోవడమూ ఈ కోవలోదే.

ఇక్కడ సంస్కృతి చేసే పని చాలా సూటిగా కనిపిస్తుంది. పుస్తకంలో రాయనిదే ఎల్‌సీ ఇవ్వనన్న ఆపరేటర్‌కు "తిక్కలోడు" అని పేరు పడే సెక్షన్‌లో ఒక రకం సాయం పెరుగుతుంది. "ఆయన డ్యూటీల ఉంటే నిశ్చింతగ స్తంభమెక్కొచ్చు" అని పేరు పడే సెక్షన్‌లో ఇంకో రకం. ఆ పేరు పెట్టేది ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఒక్కడే కాదు, మెస్‌లో అన్నం తినేటప్పుడు నలుగురూ కలిసి పెడతారు. సాయం పెంచాలని బయల్దేరిన ఏ అధికారైనా ముందు తన విభాగంలో కాదనడమే సాయమైన పనులేవో రాసుకోవాలి.

మెత్తనివాణ్ణి చూస్తే

నా వాదనకు వచ్చే గట్టి అభ్యంతరం ఇది: లెక్క ఎలా ఉన్నా కొందరు సాయం చేస్తూనే ఉంటారు కదా? ఉంటారు. ప్రతి ఆఫీసులో ఒకరుంటారు. అందరి ఎక్సెల్ షీట్లూ ఆయన దగ్గరికే, అందరి ప్రింటర్ పేపర్ జామ్‌లూ ఆయన దగ్గరికే. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. ఏడాది చివర తన పెండింగు ఫైళ్లు ఎక్కువ కనిపించేది ఆయనకే. అందరూ ఆయన్ని మెచ్చుకుంటారు, కొత్తవాళ్లు మాత్రం ఆయన పెండింగును చూసి నేర్చుకుంటారు.

ఈ రకం ప్రవర్తనకు పేరు పెట్టి స్థిరపరిచిన పరిశోధకుడు డెనిస్ ఆర్గన్ 1988లో ఇచ్చిన నిర్వచనంలో, అది మనిషి తనంతట తాను చేసేది, జీతం బత్తెం పద్ధతి నేరుగా గుర్తించనిది అని ఉంది. 1997లో ఆయనే ఆ నిర్వచనాన్ని సవరించుకున్నారు. పై అధికారులు వీటిని లెక్కలోకి తీసుకుంటూనే ఉన్నారని, ఉద్యోగులకూ అది తెలుసని తేలడంతో "ఐచ్ఛికం" అన్న మాట నిలబడలేదు. మన దగ్గర అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిచేసేవాళ్లను చూస్తే ఆ సవరణ ఎంత సరైనదో తెలుస్తుంది. రెన్యువల్ కాగితం ఎవరి చేతిలో ఉందో వాళ్లింటి గ్యాసు బుకింగు దాకా చేసిపెట్టే కుర్రాణ్ణి సహాయశీలి అని మెచ్చుకోవడం మోసం. ఆఫీసు బతుకమ్మకు పూలు తేవడం, రిటైర్మెంట్ ఫంక్షన్‌కు శాలువా కొనడం, డబ్బులు వసూలు చేయడం ప్రతిసారీ "అక్కా, మీరైతే మంచిగ చేస్తరు" అని ఆడవాళ్లకే పడటమూ ఇంతే. ఆ అక్క కాదంటే పొగరు, చేస్తే మామూలు.

ఏం చేస్తే పని చేస్తుంది

ముందు కాగితం. షిఫ్టులున్న చోట హ్యాండోవర్ పుస్తకంలో మూడు గళ్లు చాలు: అయిపోనిది ఏది, ఏది చెయ్యొద్దు, ఎవరికి ఫోన్ చేయాలి. మధ్య గడే ముఖ్యం, అందరూ ఖాళీగా వదిలేసేదీ అదే. బొగ్గు బాయిలో భద్రత చూసే సర్దార్ పైకప్పు, గాలి, గ్యాసు సంగతి రిపోర్టు రాసి సంతకం పెట్టడం చట్టం కాబట్టి జరుగుతోంది, వార్డులో, డిపోలో అలవాటు చేయాలి. బస్సు ఎడమవైపు లాగుతోందని రాత్రి డ్రైవరు లాగ్‌షీట్లో రాస్తే మేలు పొందేది పొద్దున డ్రైవరు, రాసినవాడికి దక్కేది గ్యారేజీ దగ్గర మరో 20 నిమిషాల కాపలా. డిపోలో డ్రైవర్ల పేర్లతో కేఎంపీఎల్ (లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు) జాబితా వేలాడుతుంది గానీ ఎవరు ఎన్ని లోపాలు రాశారో ఎక్కడా ఉండదు. రెండో జాబితా వేయడానికి ఖర్చేమీ లేదు. అయితే దాన్ని పోటీగా మార్చొద్దు, మారిస్తే లేని లోపాలు కూడా రాస్తారు.

తర్వాత ప్రతి పనికీ రెండు పేర్లు, ఇద్దరికీ లాగిన్ అధికారం. ఒకరు సెలవు పెడితే "సీటాయన లేడు, రేపు రా" అన్న మాట అక్కడే సగం తగ్గుతుంది. నేర్పించడానికి పెట్టిన గంటను పని గంటగా రాయాలి, దానికి పాయింట్లు, నగదు మాత్రం వద్దు. ఇజ్రాయెల్‌లో పిల్లల సంరక్షణ కేంద్రాలు ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు పెరిగాయి, ఎత్తేశాక కూడా తగ్గలేదు. ఆర్థికవేత్తలు యూరి నీజీ, ఆల్డో రుస్టికిని 2000లో రాసిన ఈ ఉదాహరణ జరిమానా గురించే అయినా, మొహమాటం మీద నడిచేదానికి ధర కడితే ఏమవుతుందో చెబుతుంది. జనవరి 26కూ ఆగస్టు 15కూ పరేడ్ గ్రౌండ్‌లో ఇచ్చే ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రాల మీద నాకు ఇదే అనుమానం. ఇవ్వాలంటే షిఫ్టుకో, జంట సీటుకో ఇవ్వొచ్చు.

వీటన్నిటికంటే చవకైనది పెద్ద సార్ చేతిలోనే ఉంది. అఫీషియల్ గ్రూపులో వారానికో సందేహం తనే పెట్టాలి, జవాబు నిజంగా తనకు తెలియనిదై ఉండాలి. అటెండరు జవాబు చెప్పినా అదే గ్రూపులో ఒప్పుకోవాలి.

ఖరీదైనది షిఫ్టుల మధ్య జీతంతో కూడిన 15 నిమిషాల కలయిక. మూడు షిఫ్టులు, షిఫ్టుకు 20 మంది ఉన్న చోట అందరికీ ఇస్తే రోజుకు 15 గంటలు, అంటే దాదాపు ఇద్దరు మనుషుల పని. ఏ ఆర్థిక విభాగమూ సంతకం పెట్టదు. షిఫ్టుకు ఇన్‌చార్జీలుగా ఉండే ఐదుగురికే ఇస్తే రోజుకు మూడు గంటల ముప్పావు. ఆ మూడు గంటల ముప్పావు బడ్జెట్‌లో రాయకపోతే అది ఎలాగూ జరుగుతూనే ఉంటుంది. బస్సు తప్పిపోతుందని చూడకుండా ఆగి చెప్పి వెళ్లే ఏ నర్సు జేబులోంచో, ఏ ఆపరేటర్ నిద్రలోంచో.